నడుం నొప్పికి రేగుపళ్ళ పచ్చడి

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో పెద్దగా తెలియదు. అవి నొప్పి పెట్టడం మొదలయ్యాకే ఒక్కొక్కటీ పరిచయమవుతాయి. నాకు మాత్రం ఇరవై మూడేళ్ళకే అన్నీ పరిచయమైపోయాయి. ఆ రోజుల్లో నేను కలకత్తాలో, సాల్ట్ లేక్ వైపున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తూ, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. పెదనాన్న గూడ్సు బండి గార్డు. నది కింద మెట్రో అప్పటికింకా సాల్ట్ లేక్ దాకా కలవలేదు. అందుకని పొద్దున్నే లోకల్లో నిలబడి హౌరా, అక్కణ్ణించి ఫెర్రీలో నిలబడి అవతలి గట్టు, అక్కణ్ణించి బస్సులో నిలబడి ఆఫీసు. ఆఫీసు చేరాక మాత్రం సాయంత్రం దాకా కూర్చోవడమే (ఈ నిలబడ్డాన్నీ కూర్చోవడాన్నీ రోజంతా సమంగా పంచి ఉంటే నాకే జబ్బూ వచ్చేది కాదని ఇప్పటికీ నా నమ్మకం). ఇంటికొచ్చేసరికి మెడ నుంచి నడుం దాకా ఎవరో తాడు పేని వదిలినట్టుండేది. చెప్పులు విప్పడానికి వంగాలంటే ముందు కాసేపు ఆలోచించుకోవలసి వచ్చేది.

పెద్దమ్మ రాళ్ళ ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. "బరువులెత్తీ పని కాదు, బట్టలుతికీ పని కాదు. కూకునీ ఉద్యోగానికి నడుం పోవడమేటే" అని ఆశ్చర్యపోయేది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక కూడా నాకుండేది కాదు. కాపడం పెడుతుండగానే బోర్లా నిద్రపోయేదాన్ని.

మా టీములో వరంగల్ నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. పొద్దున్నే జిమ్ముకి వెళ్ళి, మిగతా రోజంతా జిమ్ము గురించి మాట్లాడేవాడు గనక అతన్ని అందరం కోచ్ అనేవాళ్ళం. నేను కుర్చీలోంచి లేవడానికి బల్లని రెండు చేతులతో పట్టుకోవడం చూసి ఒకరోజు జాలిపడ్డాడు. "ఫోమ్ రోలర్ ఒకటి తీస్కో. గుండ్రంగ దిమ్మె లెక్క ఉంటది. దాని మీద ఒరిగి మెల్లగ దొర్లితే పట్టేసిన కండలు వదులైతయ్. కానీ మెత్తది, నున్నటిది తీస్కో. గట్టిది నీతోని కాదు. నడుం కింద అసలే పెట్టకు. వీపు పైభాగం, తొడలు, పిక్కలు, గంతే" అన్నాడు. నేను శ్రద్ధగా తలూపాను. ఆ తలూపడానికి కూడా మెడ నొప్పెట్టింది.

ఆ సాయంత్రం ఫెర్రీలో, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోనులో రోలర్లు చూశాను. అన్ని రకాలున్నాయని నాకు తెలియదు. పొడుగువి, పొట్టివి, మెత్తవి, రాయిలాంటివి, నున్నవి, బొడిపెలవి. మా ఇంట్లో మందంటే చేదుగా ఉండాలి, లేకపోతే అది పనిచేస్తుందని ఎవరూ నమ్మరు. ఆ పెంపకం ఎక్కడికి పోతుంది? మెత్తనిదాన్ని చూస్తే నాకు బొమ్మలాగా అనిపించింది. ఒంటినిండా పనసకాయలాగా బొడిపెలున్న నల్లటిది ఒకటి కనబడింది. పరుగు పందేల వాళ్ళు వాడతారని దాని కింద రాసి ఉంది. నేను జీవితంలో బస్సు వెనక కూడా పరిగెత్తలేదు (వెళ్ళిపోయిన బస్సుని వెళ్ళనివ్వడమే నా పద్ధతి). అయినా దాన్నే తెప్పించాను. ఆఫీసు చిరునామాకి తెప్పించి, బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చి, నా మంచం కింద తోసేశాను. పెద్దమ్మకి చెప్పలేదు. చెబితే తన ఉప్పు కాపడానికి ఎసరు పెట్టానని బాధపడుతుందని.

శనివారం మధ్యాహ్నం పెద్దమ్మ బజారుకి వెళ్ళగానే తలుపేసుకున్నాను. నొప్పి నడుంలో ఉంటే పిక్కల దగ్గర మొదలుపెట్టడం ఏం న్యాయం? సరాసరి నడుం కిందే పెట్టుకుని, రెండు నెలల కోపమంతా తీర్చుకుంటున్నట్టు చపాతీ కర్రలా గబగబా అటూ ఇటూ దొర్లించాను. లోపలెక్కడో టక్కుమంది. కాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయాను. తరవాత మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి మంచమెక్కాను. సోమవారానికి నా పరిస్థితి ఎలా తయారైందంటే, వంగితే నొప్పి, నిటారుగా ఉంటే నొప్పి. రెండు చేతులూ నడుం మీద వేసుకుని, పొట్ట ముందుకు పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి నిలబడితే మాత్రం కాస్త ప్రాణం కుదుటపడేది.

అలాగే నిలబడ్డాను, లేడీస్ పెట్టెలో. శంఖు గాజులేసుకున్న ఒకావిడ నన్ను చూసి గబుక్కున లేచి "బోషో, బోషో" అని తన చోట కూర్చోబెట్టింది. ఆ లైనులో ఒకరు లేచి ఇంకొకరికి చోటివ్వడం నేనెప్పుడూ చూడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కో మాశ్?" అని మెల్లగా అడిగింది. ఎన్ని నెలలని. అప్పటికి నాకొచ్చిన బెంగాలీ టీకీ, చిల్లరకీ, దిగడానికీ మాత్రం సరిపోయేది. నొప్పి ఎన్నాళ్ళుగా అని అడుగుతోందనుకుని "దుయి మాశ్" అన్నాను, రెండు నెలలని. బెంచీ మొత్తం మొహాలు మెత్తబడ్డాయి. ఇదే మొదటిసారా అని ఇంకొకావిడ అడిగింది. మొదటిసారే అని తలూపాను. బరువైన బ్యాగు మొయ్యొద్దన్నారు, ఫెర్రీ మెట్లు నిదానంగా దిగమన్నారు, వేళకి తినమన్నారు. నడుం నొప్పి గురించి ఈ ఊరి ఆడవాళ్ళకి ఎంత తెలుసో కదా అనుకున్నాను. ఆ రోజు నుంచి నాకు రోజూ సీటే.

పక్క క్వార్టర్‌లో ఉండే బౌదీ (అంటే వదిన, ఆ బెంగాలీ ఆవిడని అందరం అలాగే పిలిచేవాళ్ళం) హౌరాలో ఒక స్కూల్లో టీచరు. అదే బండిలో, ఒక్కోసారి అదే పెట్టెలో వెళ్ళేది. సంత్రాగాఛి తెలుగమ్మాయి సంగతి అక్కడ ఆవిడ చెవిన పడింది. నేను ఆఫీసులో ఉండగా ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, పెద్దమ్మ చేతిలో రేగుపళ్ళ పచ్చడి సీసా పెట్టి, "మేయేటాకే బొకో నా దీదీ" అని చెప్పి వెళ్ళిందట. పిల్లని తిట్టకు అని. నాకు పెళ్ళి కాలేదని ఆవిడకీ తెలుసు.

నేనొచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. పెదనాన్న దాని ముందే కూర్చుని చూస్తున్నారు. పెద్దమ్మ వేడన్నం, పప్పు, పర్వల్ వేపుడు వడ్డించి, పక్కన ఆ పచ్చడి వేసింది. తియ్యపుల్లగా భలే ఉంది. ఇంకాస్త వెయ్యమన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా దగ్గిర ఏటో దాస్తన్నావే నువ్వు" అంది పెద్దమ్మ.

మంచం కింద చీపురు పెట్టినప్పుడు దొరికిపోయిందనుకున్నాను. "నిజమే పెద్దమ్మా. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

"ఎవరే అతను?"

"మా ఆఫీసులోనే, వరంగల్ అతను. అతని మాట మీదే..."

"మంచోడేనా?" అన్నారు పెదనాన్న.

"మంచివాడే పెదనాన్నా. అతని తప్పేం లేదు. మెల్లగా అన్నాడు, నేనే తొందరపడ్డాను."

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. "ఇప్పుడేటంతన్నాడు?"

"నవ్వాడు. కొన్నాళ్ళు దాని జోలికి పోకు, తరవాత ఇంకోటి చూసుకో అన్నాడు."

పెదనాన్న లేచి కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కోవడం మొదలుపెట్టారు. "అతనిల్లెక్కడ?" అని అడిగారు.

"మీరు కూకోండి" అంది పెద్దమ్మ. నా పక్కకొచ్చి కూర్చుని తల మీద చెయ్యి వేసింది. "మీయమ్మకి నేను చెప్పుకుంతాను. నువ్వేటీ భయపడకు. ఈ ఇంట్లో నిన్నెవరూ ఒక్క మాటనరు."

ఒక రోలరుకి ఇంత అభయమెందుకో నాకర్థం కాలేదు. "దానికి అమ్మదాకా ఎందుకు పెద్దమ్మా, తెచ్చి చూపిస్తానుండు" అని, ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళి మంచం కింద నుంచి దాన్ని కాలితో బయటికి లాగి, చంకలో పెట్టుకుని తెచ్చి వాళ్ళ మధ్య నిలబెట్టాను. ఇద్దరూ దాన్ని చాలాసేపు చూశారు. నేను మొత్తం చెప్పాను, టక్కుమనడం, రైల్లో సీటు, దుయి మాశ్ అన్నీ. అప్పుడు పెద్దమ్మ ఆ రెండు ముక్కలకీ రైల్లో వాళ్ళు చెప్పుకున్న అర్థమేమిటో నాకు వివరించింది. నా చెవులు వేడెక్కాయి. పెద్దమ్మ గోడకి జారగిలబడి, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పెదనాన్న చొక్కా గుండీలు మళ్ళీ విప్పుకుంటూ "పాశ్ బాలిష్‌కి ముళ్ళు మొలిచినట్టుంది" అన్నారు (బెంగాలీ ఇళ్ళల్లో పక్కలో కౌగిలించుకుని పడుకునే పొడుగు దిండు అది).

మర్నాడు బౌదీ పెట్టె మొత్తానికి అసలు విషయం చెప్పింది. హౌరా దాకా నవ్వుతూనే ఉన్నారు. సీటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నొప్పి తగ్గాక మెత్తది, నున్నటిది కొన్నాను. గోడకీ వీపుకీ మధ్య పెట్టుకుని, మోకాళ్ళు నెమ్మదిగా వంచుతూ లేస్తూ, పట్టేసిన చోట ఆగి ఊపిరి వదలాలి. నాకంటే పెద్దమ్మకే అది బాగా పట్టుబడింది. వంటింట్లో పని కాగానే గోడకానుకుని కళ్ళు మూసుకునేది. "ఇన్నేళ్ళూ ఈ గోడ ఊరికే నిలబడుందేటే" అంది ఒకరోజు, బాగా అలిసిపోయిన గొంతుతో.

తరవాత కొన్నేళ్ళకి పెదనాన్న రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్ళాను. అటక మీద దుమ్ము పట్టిన సామానంతటి మధ్యా ఒక పేము ఉయ్యాల తొట్టి, పాత దుప్పటి కప్పి, శుభ్రంగా కనబడింది. ఇదేమిటని అడిగితే పెదనాన్న పెద్దమ్మ వినకుండా చెప్పారు. "మా పిల్లల చిన్నప్పటిదే. ఆరోజు బౌదీ అటెల్లగానే దించమంది మీ పెద్దమ్మ. దించి, తుడిచి, లోపలి గదిలో పెట్టేను. నువ్వు చూడకుండా మల్లా పైకెక్కించడానికి నా నడుం పోనాది."

లోపలి గదిలో తన కోసం ఉయ్యాల తయారుగా ఉండగా, రోలరు దాచినందుకు అంత గంభీరంగా సంజాయిషీ చెప్పుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తన నడుం తప్ప లోకంలో ఇంకేదీ కనబడనంత అలిసిపోయి ఉండేది, పాపం.