చెంబులతో తూచిన లారీ

మొన్న బుక్కరాయసముద్రంలో కారు చక్రానికి పంక్చరు వేయించుకుంటుంటే, పక్క షెడ్డులో ఎవరో లారీ వెనక ఇరుసులోంచి పాత గేర్ ఆయిల్ దించుతున్నారు. కుళ్లిన కోడిగుడ్డూ కాలిన అగ్గిపుల్లా కలిసినట్టుండే ఆ వాసనకు పంక్చరు వేసే అతను భుజం మీది తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం కుర్చీని ఇంకాస్త అటే జరుపుకుని కూర్చున్నాను. ఆ వాసన వస్తే నాకు నారాయణప్ప మేస్త్రీ వచ్చి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. ఆయన పోయి కొన్నేళ్లయింది. నిండు వయసులో, మంచాన పడి ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు. అందుకే తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, నవ్వే వస్తుంది.

తొంభైల చివర్లో ఇంజినీరింగు చదువు ముగించి, కరువు పల్లెలకు ట్యాంకర్లతో నీళ్లు తోలించే ఆఫీసులో చేరాను. రాప్తాడు దాటాక రహదారి పక్కన మా షెడ్డు. నాలుగు లారీలు, ఆరుగురు మనుషులు, వాళ్లందరి మీద నారాయణప్ప, ఆయన మీద నేను. ఆయన మీద నేను అన్నది కాగితం మీది మాట. నాకు ఇరవై ఐదేళ్లు, కోపం ముక్కు మీదే ఉండేది, పట్టా చేతికొచ్చిన కొత్త. ఆయనకు యాభై దాటాయి, బడి మొహం ఎక్కువగా చూసినవాడు కాదు. పొట్టి మనిషి, మోకాళ్ల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు, నోట్లో ఎప్పుడూ ఒక సణుగుడు. పొద్దున షెడ్డులో అడుగు పెడుతూనే మొదలయ్యేది. టీలో చక్కెర తక్కువనీ, మోకాళ్లు పట్టేశాయనీ, పానా ఎవడో తీసిన చోట పెట్టలేదనీ, ఈ ఎండ మనిషి అన్నవాడికి కాదనీ. మొదటి వారం అంతా నన్నే అంటున్నాడేమో అనుకుని కుమిలిపోయాను. తర్వాత తెలిసింది, ఆయన ఊపిరి తీసుకోవడమే అలా.

మా నాలుగు లారీల్లో ఒకటి మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన పాత బండి. ఏటిగడ్డపల్లె అనే ఊరికి నీళ్లు తోలాలంటే దానికొక్కదానికే చేతనయ్యేది. ఆ ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వంక ఉంది. నీళ్లు లేని వాగే, నిండా ఇసుక. మామూలు లారీకి ఒక వెనక చక్రం ఇసుకలో జారితే ఇంజిను బలమంతా ఆ జారే చక్రానికే పోతుంది, గట్టి నేల మీదున్న రెండోది ఊరికే నిలబడి చూస్తుంది. ఈ బండి డిఫరెన్షియల్ వేరే రకం. కాగితాల్లో లిమిటెడ్ స్లిప్ అని రాసి ఉండేది. లోపల ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉక్కు పలకలుంటాయి, ఒక చక్రం జారితే అవి రెండో చక్రాన్ని కూడా పట్టి లాగిస్తాయి. నారాయణప్ప నాకు మొదటిరోజే చెప్పాడు: "ఒగ ఎద్దు పండుకుంటే రెండోది పండుకోకుండా చూసేది ఇది. అంతే మేడమ్మా, ఇంగేం ల్యా."

ఆ పలకలకు వయసు మీరింది. నేను చేరిన తొలి వేసవి ముందు, బండి మలుపు తిరిగినప్పుడల్లా వెనకనుంచి కటకటమని పళ్లు కొరికినట్టు చప్పుడు మొదలైంది. డ్రైవరు గంగన్న ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని షెడ్డు ముందే గుండ్రంగా తిప్పి వినిపించాడు. ఇది వంక మధ్యలో విరిగితే ఏటిగడ్డపల్లెకు చుక్క నీళ్లుండవు. ఆ సాయంత్రమే డిఫరెన్షియల్ మార్చాలని ఉత్తర్వు రాసి, సంతకం పెట్టి, మేస్త్రీ చేతికిచ్చాను. ఆయన దాన్ని తిరగేసి మరగేసి చూసి, "రేపు పొద్దున ఒగ గంట నిలబడతావామ్మా?" అన్నాడు.

పొద్దున బండికి ఒక వెనక చక్రం మాత్రం జాకీ మీద లేపి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచాడు. లేచిన చక్రం బోల్టులకు రెండు మీటర్ల ఇనుప పైపు అడ్డంగా బిగించి, దాని కొసకు ఖాళీ బకెట్టు తగిలించాడు. తొట్టి దగ్గర ఒక సొట్టల ఇత్తడి చెంబు ఉంది. దాంతో బకెట్టులో ఒక్కొక్క చెంబే పోస్తూ లెక్కపెట్టాడు. ఐదు, ఆరు, ఏడు. పైపు కదల్లేదు. తొమ్మిదో చెంబుకు మెల్లగా కిందికి వాలింది. లోపల పలకలు ఎంత గట్టిగా పట్టుకున్నాయో ఆయన కొలత అది. గోడ మీద సుద్దముక్కతో తొమ్మిది అని వేశాడు. అప్పుడు చూశాను, ఆ గోడ నిండా అవే అంకెలు. ఏటా ఉగాది పండగైన మర్నాడు, ఎండలు ముదరకముందు, ఆయన చేసే పని అది. బండి వచ్చిన ఏడాది అంకె పదకొండు.

"ఇంగా తొమ్మిదుండాదిమ్మా. పట్టు పోల్యా," అన్నాడు.

"మరి ఆ చప్పుడు?"

ఆయన గంగన్న వైపు తిరిగాడు. "యేమప్పా, నూనె తగ్గితే యేం పోస్తివి?"

గంగన్న నసిగాడు. మిగతా మూడు బండ్లకు పోసేదే దీనికీ పోశాడట. ఈ పలకలకు వేరే నూనె ఉంటుంది, మామూలుది పోస్తే బిగుసుకుని అరుస్తాయి. పాతది దించి సరైనది పోశాక చప్పుడు సగానికి సగం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నేను మళ్లీ మొహం చిట్లిస్తే, "ముసిలోళ్లు మెట్లెక్కతా మూలగరామ్మా? మూలుగుతానే ఎక్కుతారు," అని నా ఉత్తర్వు నాకే తిరిగిచ్చాడు. "చింపద్దు. వచ్చే ఏడు పనికొస్తాది." గంగన్న ముందు పరువు పోయిందని నేను రెండు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయన గమనించినట్టే లేదు, టీ గురించి సణుక్కుంటూనే ఉన్నాడు.

మరుసటి ఏడు ఉగాది నాటికి బండి అరవడం మానేసింది. మలుపుల్లో చడీచప్పుడూ లేదు. మీరు మార్చొద్దన్నదే మంచిదైంది, ఇప్పుడు పువ్వులా నడుస్తోంది అని నేనే సంబరంగా చెప్పాను, పాత అలక తీర్చుకునేందుకు కూడా. ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి అరవడంల్యా?"

"రెండు నెలలైంది కదా."

"నాకు చెప్పాల గదమ్మా," అన్నాడు. గొంతులో సణుగుడు లేదు. నాకు భయం వేసింది.

జాకీ, పైపు, బకెట్టు, చెంబు. రెండో చెంబు సగం పోశాడో లేదో పైపు కిందికి పడిపోయింది. పలకలు అరిగి నున్నగైపోయాయి, ఒకదాన్నొకటి పట్టుకోవడమే మానేశాయి. ఒరిపిడి లేదు కాబట్టి చప్పుడూ లేదు. "అరిచినన్నాళ్లు పని చేసినాదిమ్మా. ఇప్పుడు మూగదైపోయినాది," అన్నాడు. పోయినేడు రాసిన కాగితం ఉందా అని అడిగాడు. ఉంది, సొరుగులోనే.

తీరా ఆ కాగితం చేతిలో పట్టుకున్నాక వెనకాడింది నేను. ఆ రకం పలకలు ఎక్కడా కొత్తవి దొరకవు, బెంగళూరు పాత సామాన్ల బజారులో వెతకాలి. ఎనిమిది రోజులు బండి నిలిచిపోతుంది. ఏటిగడ్డపల్లెలో బోరు అప్పటికే ఎండిపోయింది, మా బండి తప్ప వాళ్లకు దిక్కు లేదు. ఇన్నాళ్లూ నడిచింది, ఈ వేసవి కూడా ఎలాగో నడిపిద్దాం అని నా వాదన. వంకలో ఇసుక ఇంకా వదులు కాలేదు కాబట్టి నడుస్తోందని ఆయన వాదన. చివరికి ఆయన చేతులు తుడుచుకుని, "తేల్చేదానికి మనిద్దరం ఎవురు? తాగేటోళ్లు వాళ్లు. పోయి వాళ్లనే అడుగుదాం పా," అన్నాడు. లారీ ఇరుసు గురించి ఊళ్లో ఆడవాళ్లను అడగడమేమిటని నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు గానీ జీపు ఎక్కాను.

ఊరి ముందు బిందెల వరుస దగ్గర ఎర్రక్క అనే ఆవిడ ఉంది. గొర్లు మేపుకునే మనిషి, ఊళ్లో నీళ్ల తగాదాలన్నీ ఆవిడే తీర్చేది. నారాయణప్ప దాచకుండా చెప్పాడు. బండి వెనక పట్టు పోయింది, ఇప్పుడు ఆపితే ఎనిమిది రోజులు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది: "ఇప్పుడు ఎనిమిది. నిండు ఎండల్లో ఇసకలో దిగబడితే ఎన్ని దినాలప్పా?"

"అది నేను చెప్పలేనక్కా."

"అట్లయితే ఇప్పుడే తీసకపోండి. వంకలో చెలమలు ఇంగా ఊరతాండాయి. ఎండలు ముదిరితే అవీ ఉండవు."

ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీరు ఎన్నాళ్లుంటుందో నా లెక్కలో ఎక్కడా లేదు. ఇప్పుడు ఆపడమా, తర్వాత ఆపడమా అన్న ప్రశ్నకు జవాబంతా అందులోనే ఉంది. అక్కడే జీపు బానెట్ మీద పెట్టి ఆ పాత ఉత్తర్వుకు కొత్త తేదీ వేశాను.

ఎనిమిది రోజులు పదయ్యాయి. తొమ్మిదో రోజు మేమిద్దరం వెళ్తే చెలమల దగ్గర ఆడవాళ్లు చిప్పతో నీళ్లు తోడుతున్నారు, బిందె నిండడానికి చాలాసేపు పడుతోంది. "ఎనిమిదంటిరి గదమ్మా," అంది ఎర్రక్క నా వైపు చూసి. నారాయణప్ప నాకంటే ముందుకొచ్చి, "అన్న నోరు నాది. నన్నడుగక్కా," అన్నాడు. ఆవిడ ఆయన్ను ఓ నాలుగు మాటలంది. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డాడు. తిరిగొచ్చే దారిలో మాత్రం మోకాళ్ల గురించి సణుగుతూ వచ్చాడు. ఎనిమిది అన్నది నిజానికి నేను కాగితం మీద రాసిన లెక్క. ఆ సంగతి ఆయన తర్వాత కూడా ఎత్తలేదు.

బెంగళూరు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పలకలు బిగించి, చెంబులతో తూచాడు. పది. మర్నాడు పొద్దున నిండు ట్యాంకరు వంకలో దిగింది. నేను ఒడ్డున నిలబడ్డాను. నడిమధ్యలో ఎడమ చక్రం ఇసుక చిమ్ముతూ కూరుకుంది. కుడి చక్రం గట్టి నేలను పట్టుకుంది. బండి మూలుగుతూ పైకొచ్చి, ఒడ్డు మలుపు తిరుగుతూ కటకటమంది.

"ఇదేందప్పా, మార్చినామంటిరి, మళ్లీ అరస్తాండాది?" అంది ఎర్రక్క.

"అరవనియ్యక్కా. అరిచినన్నాళ్లు నీళ్లొస్తాయి," అన్నాడు నారాయణప్ప. ఎర్రక్క నవ్వి ముందు ఆయనకే ఒక చెంబు నీళ్లిచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆయన పదవీ విరమణ చేసి బుక్కరాయసముద్రంలో కొడుకు ఇంట్లో స్థిరపడ్డాడు. ఒకసారి చూడ్డానికి వెళ్లాను. టీ బాగుందన్నాడు. మోకాళ్లు బాగున్నాయన్నాడు. ఎండ పర్వాలేదన్నాడు. కోడలు లోపలినుంచి, మామ ఈ మధ్య చాలా నెమ్మదైపోయినాడు మేడమ్, ఒక్క మాట అనడు అని మురిసిపోతూ చెప్పింది. నాకు మాత్రం అరవడం మానేసిన ఆ పాత బండి గుర్తొచ్చింది. ఆ మనిషి మూగబోయాడు. ఇంటికొచ్చినా మనసు నిలవలేదు. పది రోజుల్లో ఉగాది. పండగ మర్నాడు జీపు పంపించి, కొత్త మేస్త్రీకి చెంబుల లెక్క రావడం లేదని అబద్ధమాడి షెడ్డుకు రప్పించాను. కొత్త మేస్త్రీ చేతిలో స్టీలు చెంబు చూడగానే ఆయన మొహం ఎర్రబడింది. "చెంబు మారిస్తే గోడ మీద రాతలన్నీ అబద్దాలైపోతాయి గదప్పా! నా ఇత్తడి చెంబు యాడ పెట్టినారు? ఈ పైపు ఎవడు బిగించినాడు? ఈ టీ ఏందిది?" అని మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆపలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ప్రతి ఉగాదికీ వచ్చాడు.

ఆ సొట్టల చెంబు ఇప్పుడు నా బల్ల మీదుంది. ఎవరైనా అంతా సవ్యంగా ఉంది మేడమ్, ఏ గొడవా లేదు అంటే నా చూపు దాని మీదికి పోతుంది, లేచి వెళ్లి కళ్లారా చూసొస్తాను. మా అమ్మాయి తిరుపతిలో చదువుకుంటోంది. హాస్టలు అన్నం మీద, గదిలో పిల్లల మీద, నా మీద రోజూ ఫోనులో తగాదా పెడుతుంది. పోయిన నెల వరసగా మూడు రోజులు, అన్నీ బాగున్నాయమ్మా అంది. నాలుగో రోజు నేను తిరుపతి బస్సెక్కాను. హాస్టలు మెట్ల మీద నన్ను చూడగానే పట్టుకుని ఏడ్చింది. ఒక పరీక్ష పోయిందట, చెప్పడానికి మొహం చెల్లలేదట. కాసేపటికి కళ్లు తుడుచుకుని, నేనేమన్నా చిన్నపిల్లనా, చెప్పకుండా ఇలా ఎందుకొస్తావని నా మీద కేకలు మొదలుపెట్టింది. ఆ మెట్ల మీదే చెంగు పరుచుకుని కూర్చుని, ఆ కేకలన్నీ హాయిగా విన్నాను.