లేసులు బిగించే ఆంటీ

మా అమ్మాయి ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో పిల్లల ఐస్ హాకీ లీగ్ ఆడిన ఆ సీజనంతా నేను ఒకావిడను చూసి కుళ్లుకున్నాను. ఆవిడ మా టీమ్ గోల్‌కీపర్ తల్లి. గుంటూరు వైపు మనిషి, నర్సు.

స్కేట్ల లేసులు కాస్త వదులైతే చాలు, మంచు మీద పిల్లల చీలమండ మడతపడుతుంది. అందుకే మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో తల్లిదండ్రులే కింద కూర్చుని లేసులు బిగిస్తారు. నేను కూర్చునేలోపే మా అమ్మాయి కాళ్లు ఆవిడ ఒళ్లో ఉండేవి.

"మమ్, ఆంటీ డస్ ఇట్ టైటర్," అనేది.

ఆవిడ గాయానికి కట్టు కడుతున్నంత శ్రద్ధగా ఒక్కో వరసా లాగి బిగించి, బూటు మీద అరచేత్తో తట్టి, "ఊఁ, పో తల్లీ. పడినా పర్లేదు, లెగిసి ఆడు," అనేది. ఇంట్లో నేను తెలుగులో ఎంత మాట్లాడినా ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల, అక్కడ మాత్రం "సరే ఆంటీ" అని చక్కగా తెలుగులో చెప్పేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆవిడ నాకేసి చూసి నవ్వితే, నేను ఫోను చూసుకునేదాన్ని.

చివరి మ్యాచ్ నాడు ఆసుపత్రి రోటాలో డ్యూటీ పడి ఆవిడ రాలేదు. లోలోపల పండగ చేసుకుంటూ కింద కూర్చున్నాను. వేళ్లు కమిలేలా లాగి బిగించాను. అయినా పిల్ల లేవలేదు.

"చెప్పు," అంది, ఎన్నడూ లేనిది తెలుగులో.

"ఏం చెప్పాలే?"

"ఆంటీ చెప్పేది."

గొంతు సవరించుకుని, బూటు మీద తట్టి, ఆవిడ మాటలే అప్పజెప్పాను.

"సరే ఆంటీ," అనేసి మా అమ్మాయి మంచు మీదికి దూసుకుపోయింది.