కలుపు తీసే నెల

సుభద్ర చివరిగా చేసిన మామూలు పని ఒక పిల్లల బొమ్మల పుస్తకానికి అట్ట వేయడం.

ఎవరింటి పిల్లవాడో దాని వెన్ను చింపి తిరిగిచ్చాడు. అంటుకునే ప్లాస్టిక్ కాగితాన్ని కొలిచి కత్తిరించి, స్కేలుతో ఒక పక్క నుంచి నొక్కుకుంటూ వచ్చింది. ప్రతి జూన్‌లో బళ్లు తెరిచే ముందు బాపట్లలో తమ్ముళ్ల పుస్తకాలన్నిటికీ ఖాకీ అట్టలు వేసిన చెయ్యి అది. ఆ పని నిద్రలో కూడా చేయగలదు. అయినా ఆ రోజు మూల వంకరపోయింది. పీకి మళ్లీ వేసింది. మళ్లీ వంకరపోయింది.

నిజానికి ఆమె అక్కడ కూర్చున్నది అట్ట వేయడానికి కాదు. గాజు తలుపు అవతల ఫోన్లో మాట్లాడుతున్న ఫ్రావ్ ష్ట్రూవె ఎప్పుడు ఫోను పెడుతుందా అని. పెట్టగానే లోపలికి వెళ్లి ఒక మాట చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే శుక్రవారం ఎలాగూ పోతుంది, పదిమంది ముందు, పరువుతో సహా.

డార్మ్‌స్టాట్ అనే జర్మన్ ఊరి శివార్లలో, ట్రామ్ ఆఖరి స్టాపుకి కాస్త ముందు, బేకరీ పక్కన ఉంటుంది ఆ చిన్న గ్రంథాలయం. ఫ్రావ్ ష్ట్రూవె దానికి పెద్ద. సుభద్ర సహాయకురాలు. అక్కడ ఆమెను ఇంటిపేరుతో ఫ్రావ్ కొల్లిపర, అంటే కొల్లిపర గారు, అనేవాళ్లు. ఆ దేశం వచ్చిన చాలా ఏళ్లకు ఆమెకంటూ దొరికిన మొదటి పేరు అది. అంతకు ముందు ఏ కాగితంలో చూసినా రవీంద్రనాథ్ భార్యే. ఆయన బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చాడు, ఆమె ఆయన మీద వచ్చింది. గుంటూరులో చదివిన లైబ్రరీ సైన్సు, చీరాల కాలేజీలో పుస్తకాల మధ్య చేసిన ఉద్యోగం సూట్‌కేసు అడుగున సర్టిఫికెట్లుగా పడి ఉండిపోయాయి. జర్మన్ పరీక్షలు ఒక్కొక్కటే రాసి, కొడుకు కౌశల్ తన ఉచ్చారణకు నవ్వుతుంటే వాడి చేతే దిద్దించుకుని, చివరికి ఆ బల్ల వెనక కూర్చుంది. అది కూడా బెఫ్రిస్టెట్, అంటే గడువు కట్టిన ఉద్యోగం. ప్రతి జనవరిలో మళ్లీ ఏడాదికి పొడిగించాలి.

ఆమెది పుట్టు భయం. ట్రామ్‌లో చెకర్ ఎక్కితే అటు చివర ఉండగానే పాస్ తీసి పట్టుకునేది. ఆయన తన దాకా రాకుండా దిగిపోతే, చూపించలేదే అని ఇంటిదాకా బాధపడేది. "నేరం చేయకుండానే ఇంత వణికితే, చేస్తే ఏమైపోతావే" అని రవీంద్రనాథ్ ఏడిపించేవాడు.

జనవరి అక్కడ కలుపు తీసే నెల. ఆ మాట గుంటూరులో ఆమెకు పాఠం చెప్పిన మేష్టారిది. పొలంలో కలుపు తీయకపోతే పంట ఎలా ఉండదో, గ్రంథాలయంలో పాతబడిన పుస్తకాలు తీయకపోతే చదువరి అలా ఉండడని ఆయన చెప్పేవాడు. పాఠంగా విన్నప్పుడు బాగానే ఉంది. చేతులతో చేయాల్సి వచ్చినప్పుడు తెలిసింది. మూడేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకాల జాబితా కంప్యూటర్ ఇస్తుంది. వాటిని అరల్లోంచి తీసి, బార్‌కోడ్ మీద గీత కొట్టి, తీసివేసినట్టు ముద్ర వేసి, పెరట్లో ఉన్న నీలం డబ్బాలో పడేయాలి. మొదటి ఏడు ఒక పుస్తకం జారి ఆమె కాలికి తగిలింది. చటుక్కున వంగి కళ్లకద్దుకుంది, మరుక్షణం దాన్నే డబ్బాలో వేయాల్సి వచ్చింది. చూస్తున్న ఫ్రావ్ ష్ట్రూవె నడుం పట్టేసిందా అని అడిగింది. అవునని చెప్పింది సుభద్ర.

అయినా నేర్చుకుంది. ఏనాటివో పన్నుల పుస్తకాలు, ఎవరూ వాడని కంప్యూటర్ల గైడ్లు, ఇప్పుడు లేని దేశానికి దారి చూపే యాత్రా పుస్తకాలు. ఒక్కో దానికి మనసులో చిన్న క్షమాపణ చెప్పుకుని వేసేది. అవి పోవాల్సినవే. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆమెకు భయం పట్టింది తెలుగు పుస్తకాల దగ్గర.

ఒక ఉగాదికి, అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో పులిహోర తింటూ, మన పిల్లలకు తెలుగు పుస్తకాలు దొరికే చోటు లేదని అందరూ వాపోయారు. సుభద్ర వెళ్లి ఫ్రావ్ ష్ట్రూవెను అడిగింది. జీవితంలో ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం అదే మొదలు. ఆవిడ సరేనంది. ఇళ్లనుంచి అట్టపెట్టెలు వచ్చాయి. తుర్కీ పుస్తకాల పక్కన ఒక అర దొరికింది. ప్రతి పుస్తకానికీ సుభద్రే అట్ట వేసింది, నంబరు అంటించింది. ఆ అర ముందు నిలబడి ఫోటో దిగని తెలుగువాడు ఆ ఊళ్లో లేడు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లినవాడూ లేడు.

ఆమె వెంటపడి అడిగింది. ఎదురింటి గిరిజ, ఫోన్లో అన్నీ ఉంటే ఈ మోత ఎందుకంది. ఇంకొకరు పిల్లలకు తెలుగు చదవడం రాదు కదా అన్నారు. రాకపోతే నేర్పడానికే కదా అవి అని సుభద్ర అనలేదు. అనగలిగితే ఆమె సుభద్ర కాదు.

మూడేళ్లు నిండి, జనవరి దగ్గరపడింది. ఆ జాబితాలో ఈ అర మొత్తం వస్తుందని ఆమెకు ఖాయంగా అనిపించింది. ముద్ర వేయాల్సింది తనే. డబ్బాలో వేయాల్సింది తనే. వీటికి మినహాయింపు ఉంటుందా అని ఫ్రావ్ ష్ట్రూవెను అడగవచ్చు. అడిగితే ఆవిడ చూపు ఆ అర మీద పడుతుంది. ఎవరూ ముట్టుకోలేదని తెలుస్తుంది. ఆవిడ చూపు పడకపోవడమే మేలనుకుంది.

ఆ ఊరి యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లల్లో ఒక ఆచారం ఉంది. చదువు ముగించి ఊరు వదిలే వాళ్లు సామానంతా కొత్తగా వచ్చినవాళ్లకు వదిలి వెళతారు. కుక్కరు, పరుపు, నలుగురి ఒంటి మీదుగా వచ్చిన చలికోటు. మిగిలినవి సుభద్రక్క ఇంటికి చేరతాయి. ఆ శీతాకాలం వాళ్లలో ఒకడైన సుమంత్‌కి హానోవర్‌లో ఉద్యోగం వచ్చింది. కుక్కరుతో పాటు తన లైబ్రరీ కార్డు కూడా బల్ల మీద పెట్టాడు.

"ఇది క్యాన్సిల్ చేయాలంటే మళ్లీ టెర్మిన్ తీసుకోవాలేమో అక్కా. మీ దగ్గరే ఉంచండి. ఈ దేశంలో అపాయింట్‌మెంటు అడక్కుండా ఇచ్చింది ఇదొక్కటే నాకు."

తర్వాత అక్షయ వదిలింది. సంయుక్త వదిలింది. వంటింటి సొరుగులో, అగ్గిపెట్టెల పక్కన, కార్డులు పోగయ్యాయి.

ఎవరైనా తీసుకున్నట్టు కంప్యూటర్లో కనబడితే ఆ పుస్తకాలు జాబితాలోకి రావు. తన కార్డు మీదే తీసుకోవచ్చు. కానీ సిబ్బంది తీసుకున్నవి లెక్కలోకి రావని ఎవరో అనగా విన్నది. డిసెంబరులో ఒక ఉదయం, తలుపులు తెరవక ముందు, సుమంత్ కార్డు మీద నాలుగు పుస్తకాలు తీసుకుంది. యంత్రం బీప్ అంది. ఆ శబ్దం వీధిలోకి వినిపించిందేమో అనుకుంది. పుస్తకాలు సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది, కొన్నాళ్లకు తీసుకెళ్లి అరలో పెట్టింది. తర్వాత అక్షయ, తర్వాత సంయుక్త. జనవరి వచ్చింది. అర జోలికి ఎవరూ రాలేదు. ఉద్యోగం పొడిగించారు. గండం గడిచిందనుకుంది.

గండం అప్పుడే మొదలైంది. వసంతంలో నగర కార్యాలయం నుంచి ఒకాయన వచ్చి, పాఠకుల వివరాల భద్రత గురించి సిబ్బందికి చెప్పాడు. చాలా మెత్తని గొంతు. ఇంకొకరి కార్డు సిబ్బంది వాడితే మందలింపు ఉండదనీ, అదే రోజు ఇంటికి పంపేస్తారనీ అదే మెత్తని గొంతుతో అన్నాడు. మాట్లాడుతూ తనకేసే చూశాడని సుభద్రకు అనిపించింది. ఆ రోజు డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం మూత తీయలేదు.

ఆ తర్వాత ఆమెకు అన్నీ భయాలే. బల్ల మీద ఫోను మోగితే నగర కార్యాలయం నుంచే. ఫ్రావ్ ష్ట్రూవె తలుపు వేసుకుని మాట్లాడితే తన గురించే. ఎవరైనా తుర్కీ అర దగ్గర నిలబడితే, తనిఖీకి వచ్చారు. మానేయవచ్చు కదా అంటే, మానేస్తే అర పోతుంది. అందుకని వణుకుతూనే చేసింది. రవీంద్రనాథ్‌కి చెబితే ముందు నవ్వాడు.

"పుస్తకాలు ఎత్తుకుపోయే దొంగల్ని చూశాను. పుస్తకాన్ని ఉన్నచోటే ఉంచడానికి దొంగైనదానివి నువ్వొక్కదానివే."

ఆమె నవ్వలేదు. అప్పుడాయన కూడా నవ్వు ఆపేశాడు.

అక్టోబరులో ఫ్రావ్ ష్ట్రూవె పిలిచింది. కుర్చీ చూపించింది. సుభద్ర కూర్చోలేదు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. పిల్లల పుస్తకాల తర్వాత శాఖలో అంతగా కదులుతున్నది తెలుగు అరేనట. ఎవరు తీసుకుంటున్నారో తను చూడకూడదు, చూడలేదు. కానీ ఆ పాఠకుల్ని ఒకసారి కలవాలని ఉందట. వచ్చే శుక్రవారం సాయంత్రం కాఫీకి పిలుద్దామంది.

"ఎంతమంది వస్తారో చెప్పండి ఫ్రావ్ కొల్లిపరా. కుర్చీలు వేయిస్తాను."

సుభద్ర తల ఊపి బయటికి వచ్చింది. ఇంటికి వెళ్లి సుమంత్‌కి ఫోను చేసింది. వాడు పకపకా నవ్వాడు.

"వస్తానక్కా, దానికేం. కానీ నేను ఏయే పుస్తకాలు చదివానో ముందే చెప్పండి. వైవాకి ప్రిపేర్ అవ్వాలి కదా."

వాడు నిజంగానే వచ్చేవాడు. రైలెక్కి వచ్చి, చదవని పుస్తకం గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు. ఆ ఊహే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. తన తప్పు తన చేతుల్లో ఉన్నంతవరకు ఒక రకం. ఇంకొకరి నోట్లో పెడితే ఇంకో రకం. వద్దులే నాయనా అని ఫోను పెట్టేసింది.

బుధవారం సాయంత్రం వంటింట్లో, చెప్పేస్తానని భర్తతో అంది. ఆయన గరిటె కింద పెట్టాడు. తొందరపడొద్దన్నాడు. కాఫీకి గిరిజ వాళ్లను కూర్చోబెడదామన్నాడు, వాళ్ల ఫోటో ఎలాగూ ఆ అర ముందే ఉంది కదా అన్నాడు. ఎవరూ అడగని దానికి మనమే జవాబెందుకన్నాడు.

"అడిగేదాకా ఆగలేనండీ. అన్నం కలుపుకుంటుంటే కూడా ఆ బీప్ వినిపిస్తోంది. పోతే పోనివ్వండి. ఒక్కరోజు నిద్రపోతాను."

కౌశల్ తన గదిలోంచి వచ్చి, ఏమైందని జర్మన్‌లో అడిగాడు. ఏమీ లేదని ఇద్దరూ తెలుగులో చెప్పారు.

అందుకే గురువారం ఆ అట్ట అన్నిసార్లు వంకరపోయింది. ఫోను అయిపోయి తలుపు తెరుచుకునేసరికి సుభద్ర లేచి నిలబడింది. ఫ్రావ్ ష్ట్రూవె అప్పటికే కోటు వేసుకుని ఉంది. పంటి డాక్టరు దగ్గర టెర్మిన్, ఇప్పటికే ఆలస్యమైందంది. సుభద్ర ముఖం చూసి ఆగింది. ముఖ్యమైన విషయమా అని అడిగింది.

ఆ క్షణంలో ధైర్యమంతా కరిగిపోయింది. దాని చోట్లోకి వచ్చింది సిగ్గుపడేంత తేలిక.

"లేదు లేదు. రేపైనా ఫర్వాలేదు."

ట్రామ్ స్టాపులో, పాస్ చేత్తో పట్టుకుని, ఆమె పడిపోయింది. తలలో రక్తనాళం చిట్లిందని ఆసుపత్రిలో చెప్పారు. ఎప్పటినుంచో అక్కడ పలచబడి ఉండవచ్చని, దేనివల్లనో చెప్పలేమని అన్నారు. తెల్లవారేసరికి పోయింది.

కొన్ని వారాల తర్వాత రవీంద్రనాథ్ ఆమె తాళంచెవులు ఇవ్వడానికి గ్రంథాలయానికి వెళ్లాడు. ఆమె భయం ఇప్పుడు ఆయనకు వచ్చింది. ఆమె పోయాక ఎవరైనా తవ్వి తీస్తారేమో, ఫ్రావ్ కొల్లిపర అన్న పేరు మీద మరక పెడతారేమో అని. సొరుగులో కార్డులు కత్తిరించి అప్పటికే పారేశాడు. ఇక ఆ పుస్తకాల్ని కదిపేవాళ్లు లేరు.

ఫ్రావ్ ష్ట్రూవె టీ ఇచ్చింది. ఆమె గురించి మాట్లాడుతూ రెండుసార్లు కళ్లజోడు తీసి తుడుచుకుంది. లేచేటప్పుడు ఆయన తుర్కీ అర పక్కకు చూసి, ఎవరూ తీసుకోకపోతే జనవరిలో ఇవి తీసేస్తారు కదూ అని అడిగాడు.

ఆవిడకు ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపింది. జనాలు దానంగా ఇచ్చిన పరభాషా పుస్తకాలకు ఆ మూడేళ్ల లెక్క లేదంది. తను ఆ శాఖకు రాకముందునుంచీ లేదట. ఒక్కరు ముట్టుకోకపోయినా అవి అరలోనే ఉంటాయి, జనవరి జాబితా తీసేటప్పుడు కంప్యూటర్ వాటిని అసలు చూడదంది.

"ఫ్రావ్ కొల్లిపరకి తెలిసే ఉంటుందనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ అడగలేదు."