ఆరు రెక్కల పల్లేరు

గోదాముల వెనక సందులో ఆవిడది సైకిల్ రిపేరు షాపు. ఇరవై ఏళ్లుగా నడుపుతోంది, అందరూ పంక్చరమ్మ అనే పిలుస్తారు. ఆ చుట్టుపక్కల నేలంతా పల్లేరు పాకి ఉంటుంది. దాని ముళ్లకాయలు టైర్లలో దిగితే ఈవిడకు పని. అవే కాయలు ఏరి ఎండబెట్టి, కిడ్నీలో రాళ్లకు మందని మూలికలు అమ్మే కొట్టుకు వేస్తుంది ఆవిడ ఆడపడుచు.

ఒకరోజు పొద్దున్నే పోస్ట్‌మ్యాన్ సైకిల్ వెనక చక్రం విప్పి, ట్యూబు నీళ్లలో ముంచబోతుంటే గోడ వార ఓ పసుపు పువ్వు కంటపడింది. పల్లేరు పువ్వుకు ఐదే రెక్కలు. దీనికి ఆరున్నాయి. వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టింది. ఆరే! పక్కదానికి ఏడు! ట్యూబు అక్కడే పడేసి మోకాళ్ల మీద పాకుతూ పోయింది.

"ఏం పారేసుకున్నావమ్మా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"పారేసుకోలేదు బాబూ, దొరికింది! నీ కళ్లు నాకంటే నయం, ఇటు రా!"

అంతలో ఆడపడుచు సంచీతో వచ్చి, వచ్చీ రాగానే ఆ మొక్క మీదే చెయ్యి వేసింది.

"వదినా, దాన్ని పీకావంటే నా మీద ఒట్టే!"

"పల్లేరు మీద ఇంత ప్రేమేంటి వదినా? ఎండ గానీ తలకెక్కిందా?"

"ముందు రెక్కలు లెక్కపెట్టు, తర్వాత తిడుదువుగాని."

విసుక్కుంటూ వంగిన మనిషి మళ్లీ లేవలేదు. కాసేపటికి కెవ్వున కేక.

"ఓసినీ! పది! వదినా, ఇది ముద్దపువ్వు! ఇన్నేళ్లూ కాయలు ఏరానే గానీ దీని మొహం ఎప్పుడూ చూళ్లేదే!"

ఎండ ముదిరితే ఆ పువ్వులు ముడుచుకుపోతాయి. అందుకని ముగ్గురూ ఒకటే పరుగు. రెక్కలు ఎక్కువున్న పువ్వుల కొమ్మలకు పంక్చరమ్మ గుర్తుగా పాత ట్యూబు ముక్కలు కట్టింది. ముళ్లు గుచ్చుకుంటే "అబ్బా" అనడం, మళ్లీ పకపకా నవ్వడం. ఆ రోజు ఉత్తరాలు ఇళ్లకు చేరేసరికి సాయంత్రమైంది.

కాలేజీకి ఉత్తరాలిస్తూ పోస్ట్‌మ్యాన్ ఈ సంగతి వృక్షశాస్త్రం మేడం చెవిన వేశాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ భూతద్దంతో వచ్చి, నేల మీద బోర్లా పడుకుని చూసింది.

"ఇదేమన్నా జబ్బా అమ్మా?" అంది పంక్చరమ్మ బెంగగా.

"జబ్బులా లేదు. పువ్వుల్లో అప్పుడప్పుడూ ఇలాంటి తేడాలు వస్తుంటాయి. కానీ ఒకేచోట ఇన్ని నేనెప్పుడూ చూళ్లేదు." ఓ కొమ్మను కాగితాల మధ్య పెట్టి, కలం తీసింది. "ముందు చూసిందెవరని రాయను?"

"మా వదిన!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే, ఒకరినొకరు చూపించుకుంటూ. మేడం నవ్వుతూ ఇద్దరి పేర్లూ రాసుకుంది.

ఆ మొక్కల విత్తనాలు పంక్చరమ్మ ఓ చిల్లుల బకెట్లో చల్లింది. వానలకు పన్నెండు మొలిచాయి. పదకొండింటికి ఐదు రెక్కలే వస్తే ఇద్దరి మొహాలూ వేలాడిపోయాయి. పన్నెండోది విచ్చుకున్న పొద్దున వదినలిద్దరూ చేతులు పట్టుకుని సందులోనే గిరగిరా తిరిగారు. నలుగురైదుగురు గాలిపోయిన సైకిళ్లు పట్టుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు.

"పంక్చరు ఎక్కడికీ పోదు," అంది పంక్చరమ్మ ఆయాసపడుతూ. "ముందు ఇటొచ్చి లెక్కపెట్టండి!"