ఇళ్ళు దొర్లించే హాల్వర్
అయోవా గడ్డిమైదానంలో రైలు పట్టాలు ఊరికి రెండు మైళ్ళ అవతల పడ్డాయి. దాంతో ఊరే పట్టాల దగ్గరికి బయలుదేరింది. కొయ్య ఇళ్ళను దుంగల మీద దొర్లించి తీసుకెళ్ళే పని హాల్వర్‌ది. ప్రతి ఇంటి కిటికీలోనూ అంచుదాకా నీళ్ళు నింపిన గిన్నె పెడతాడు. ఇల్లు ఒరిగి చుక్క ఒలికితే ఎద్దులను ఆపి దుంగలు సర్దుతాడు. మాటలు తక్కువ. లోపల ఆడవాళ్ళు వంట చేసుకుంటూనే ఉంటారు.

ఆఖరి ఇల్లు ఒటీలియాది. మొగుడు పోయిన మనిషి. ఎద్దులు కదలబోతుంటే గుమ్మంలోకి వచ్చి, "అన్నా, కాస్త ఆగు. పెరట్లో నా పాప ఉంది," అంది. రైలుకట్టను ఇంకా ఎత్తు చేసే మట్టి కోసం రేపు ఆ పెరటి మెరకంతా తవ్వేస్తారు.

"ఇళ్ళు మోస్తామన్నాం గానీ సమాధులు కాదమ్మా. పద మామా, వానొచ్చేలా ఉంది," అన్నాడు ఎద్దులు తోలే కాస్పర్.

హాల్వర్ వంగి ముందు దుంగను తట్టి చూశాడు. "ఇది పగిలింది. మార్చాలి."

"ఎక్కడ పగిలింది? రాయిలా ఉంటేనూ!"

హాల్వర్ పార అందుకున్నాడు. "ఎంత లోతమ్మా?"

"మూడడుగులు. నేనే తవ్వాను."

మట్టి అంటిన చిన్న పెట్టెను పొయ్యి పక్కన దించాడు. కిటికీలో గిన్నె తీసి నీళ్ళు పారబోశాడు. ఇల్లు కదిలాక, వానలో ఆ రెండు మైళ్ళూ గిన్నెకు బదులు పెట్టెనే కిటికీలోంచి చూస్తూ నడిచాడు.