గురమ్మ డైరీలో సముద్రం

టీవీలో ఒక ముసలావిడ తన పాత డైరీ తెరిచి, ఎప్పుడో ఒక వానరోజున ఏం కూర వండిందో చదివి వినిపించింది. భావనపాడులో ఎండుచేపలు అమ్ముకునే గురమ్మకు తన చిన్నతనం గుర్తొచ్చింది. బడికెళ్లే రోజుల్లో తనూ డైరీ రాసేది. పెళ్లయ్యాక మానేసింది.

ప్రోగ్రాం అయ్యేదాకా కూడా ఆగలేదు. కొట్టుకు పరుగెత్తి, నిరుటి డైరీయే మిగిలిందంటే అదే తెచ్చుకుంది. తేదీలతో ఆమెకేం పని? అమావాస్య, పున్నమి తెలిస్తే చాలు, ఊరంతా సముద్రంలో చేపల వేటకెళ్లేది వాటిని బట్టే.

సాయంత్రం మొగుడు కూర్మయ్య వేట నుంచి రాగానే ఎదురెళ్లింది. "ఈయేల ఎన్ని సేపలు పడ్డాయి? సెప్పు, రాసుకుంటాను."

"వల్లో పడ్డవి లెక్కెడతావేటే? దిష్టి తగిలి రేపు ఉత్త వల వస్తాది," అని కసిరాడు.

"మరేటి రాయమంటావు? నీ మొకమా?" గురమ్మ పెన్ను విసిరికొట్టి పొయ్యి దగ్గరికి పోయింది.

కూర్మయ్య కాళ్లు కడుక్కుని, పెన్ను వెతికి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "పొద్దు పొడిసేటప్పుడు పడవ పక్కనే పెద్ద తాబేలు తేలింది. నాకేసే సూసింది. అది రాయి."

"ఇంకా?"

"గాలి పడిపోతే నీలు అద్దం లాగుంటాది. వల ఎయ్యబుద్ధి కాదు."

పులుసు అడుగంటుతున్నా గురమ్మ లేవలేదు, రాస్తూనే ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఏటి పడ్డాయని అడగడమే గాని, ఏటి సూశావని ఆమె ఒక్కనాడూ అడగలేదు.