సోడా సీసా నొక్కు

ఒడ్డున దొరికిన గాజుముక్కను అరగదీసింది సముద్రమా, మనిషా అని తేల్చాలంటే నేను ముందు దాని గుంటల్లోకి చూస్తాను. అంచులు ఎవరైనా నున్నగా చేస్తారు. ఇంత శ్రద్ధగా చూడడం నేను ఒక మనిషి మీద కోపంతో నేర్చుకున్నాను.

మా అమ్మమ్మకు హంసలదీవిలో గోళీసోడా కొట్టు ఉండేది. ఉప్పెనలో కొట్టూ పోయింది, ఆవిడా పోయింది. చాలా ఏళ్ల తర్వాత పాలకాయతిప్ప ఒడ్డున నాకొక లేతాకుపచ్చ ముక్క దొరికింది. సోడా సీసా మెడ కింద గోళీ ఆగడానికి లోపలికి నొక్కి ఉంటుందే, ఆ నొక్కు. గుడివాడ చుట్టూ చేపల చెరువులకు మేత లెక్కలు కట్టడం నా పని. గట్ల మీద సొంతంగా నేర్చుకున్న లెక్కే అయినా, అది అమ్మమ్మ సీసాదే అయ్యే అవకాశం ఎంత తక్కువో చెప్పగలను. ఆ రోజుల్లో దివిసీమలో సోడా కొట్టు లేని ఊరేది? అమ్మకు మాత్రం ఆ లెక్కతో పని లేదు. ముక్కను చెంపకు ఆనించుకుని, ఇది మా అమ్మదేరా అంది. మెడలో వేసుకుంటానంది.

బందరులో గిల్టు నగలు చేసే ఒకతను నాకు తెలుసు. చుట్టం కాదు గాని బావా అంటే బావా అనుకునేవాళ్లం. గిల్టు తీగ చుట్టి లాకెట్ చేసిమ్మని అతనికి ఇచ్చాను. చూడగానే, తనకు అమ్మమన్నాడు. కుదరదన్నాను. కొన్నాళ్లకు లాకెట్ తయారై వచ్చింది, అమ్మ మెడలోకి వెళ్లింది.

ఒకరోజు ఆ లాకెట్ కడుగుతూ నొక్కులోకి చూశాను. లోపల తళతళలాడుతోంది. చేప మొప్పల్లో పేను వెతికే భూతద్దం తెచ్చి మళ్లీ చూశాను. అలలు ఇసుకతో కొట్టిన గాజు మీద గోటితో గిల్లినట్టు చిన్న చిన్న నెలవంకలు ఉంటాయి, ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా. గుంటల్లోకి కూడా ఇసుక దూరుతుంది, అక్కడా మసకబారుతుంది. ఇందులో నెలవంకలు లేవు. పైనంతా పిండి రాసినట్టు ఒకే తెలుపు, గుంటలో కొత్త గాజు మెరుపు. మా ముక్కలో నొక్కు పక్కన నువ్వుగింజంత గాలిబుడగ ఉండేది. అదీ లేదు. పాత సోడా సీసా ఒకటి పగలగొట్టి, నగలు మెరుగుపెట్టే పీపాలో రాపిడి పొడి వేసి తిప్పి, మా ముక్కకు బదులు ఇచ్చాడన్నమాట.

అమ్మకు చెప్పలేదు. ఆ దొంగ గాజును ఆవిడ రోజూ నిమురుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. బందరు వెళ్లి గొడవపడితే కాదంటాడు, అసలు ముక్కను దాచేస్తాడు. అందుకని అతను దాన్ని బయటపెట్టేదాకా ఆగాను.

మాఘ పౌర్ణమి స్నానాలకు జనం పాలకాయతిప్పకు వచ్చినప్పుడు అతను దారి పక్కన బల్ల వేశాడు. సముద్రపు గాజు లాకెట్లు, కమ్మలు. మధ్యలో ఎర్రగుడ్డ మీద అమ్మ ముక్క. అమ్మకానికి కాదు, అందరూ ముట్టుకుని నమ్మడానికి. వంగి బుడగ చూసుకున్నాను. తర్వాత స్టూలు ఒకటి తెచ్చుకుని బల్ల పక్కనే కూర్చున్నాను.

అప్పుడే కోడూరు నుంచి వచ్చిన ఒకావిడ కమ్మలు బేరమాడుతోంది. గిల్టు పనివాళ్ల చేతికి ఒక అలవాటుంది, జత కుదరందే నగ బయటికి పంపరు. అదే నాకు కలిసొచ్చింది.

"ఈ కమ్మలు రెండూ ఎలా ఉన్నాయంటారు?" అని ఆవిడను అడిగాను.

"అచ్చు ఒకేలా ఉన్నాయండీ."

"ఒడ్డున ఇలాంటి జత ఒక్కటి ఏరుకు రండమ్మా. మా బావ ఆ కమ్మలు మీకు ఊరికే ఇచ్చేస్తాడు."

ఆవిడ నిజంగానే వెళ్లింది. చీరకొంగు నిండా గాజుముక్కలు తెచ్చి బల్ల మీద పోసింది. ఏ రెండూ కలవలేదు.

"సముద్రానికి కవలలు పుట్టరేమో అన్నయ్యగారూ," అని నవ్వుతూ కమ్మలు వదిలేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత బల్ల దగ్గరికి ఎవరొచ్చినా భూతద్దం చేతికిచ్చాను. ముందు ఆవిడ పోసిన ముక్కలు, తర్వాత బావ ముక్కలు చూపించాను. గొంతు పెంచలేదు. దొంగ అన్న మాటే ఎత్తలేదు. మధ్యాహ్నానికి బల్ల మీద సరుకు సగం కూడా కదల్లేదు.

"పొట్ట కొట్టకు బావా," అన్నాడు మెల్లిగా. "నీకేం కావాలి?"

"నొక్కు."

"పొరపాటున మారిపోయినట్టుంది."

"పొరపాటే. నొక్కు లోపల అరగదీయడం మర్చిపోయావు."

ఎర్రగుడ్డ మీద నుంచి ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. అతని ముందే బుడగ, నెలవంకలు మళ్లీ చూసుకుని జేబులో వేసుకున్నాను. ఇక లేస్తాననుకున్నాడు. స్టూలు అతని గొడుగు నీడలోకి జరుపుకుని, దారిన పోతున్న దంపతులను పిలిచాను. చీకటిపడి అతను బల్ల సర్దుకునేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చి, అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు తీగ విప్పి ముక్క మార్చాను. ఆవిడ వచ్చి లాకెట్ మెడలో వేసుకుని నిమురుకుంది.

"ఇవాళ గరుకుగా ఉందేంట్రా?"

"ఉప్పుగాలికమ్మా," అన్నాను.

దొంగ ముక్కను స్కూటర్ తాళాలకు కట్టుకున్నాను. వచ్చే మాఘ పౌర్ణమికి అతను బల్ల వేస్తే, జనానికి చూపించడానికి నమూనా ఉండాలి కదా.